యూట్యూబ్ ఛానెల్ లెక్కలు పైథాన్‌తో: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి. యూట్యూబ్ స్టూడియో చూపించే అంకెలతో తృప్తి లేక, యూట్యూబ్ ఏపీఐ (ప్రోగ్రామ్‌తో యూట్యూబ్ డేటా అడిగే మార్గం), పైథాన్, పాండాస్ (పట్టికల లెక్కలకు వాడే పైథాన్ లైబ్రరీ) పట్టుకుని సొంతంగా లెక్క తీసుకోవాలనుకుంటున్నవారు చాలామంది ఉన్నారు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం వారికే.

ప్ర: మా వంటల ఛానెల్‌లో 640 వీడియోలున్నాయి. అన్నింటి వ్యూస్, లైకులు ఒకే పట్టికలోకి తెద్దామని ఏపీఐలోని సెర్చ్ పద్ధతి వాడాను. 500 దాటి రావడం లేదు. పైగా మధ్యాహ్నానికల్లా 403, కోటా అయిపోయింది అంటోంది. ఏం చేయాలండీ? (రాజమహేంద్రవరం)

జ: సెర్చ్‌ను వదిలేయండి. డేటా ఏపీఐ వెర్షన్ 3లో ఒక ప్రాజెక్టుకు రోజుకు మామూలుగా 10,000 యూనిట్లు ఇస్తారు. సెర్చ్ పిలుపు ఒక్కోటి 100 యూనిట్లు తింటుంది. 500 వీడియోలంటే 10 పేజీలు, అంటే 1,000 యూనిట్లు. ప్రోగ్రామ్ సరిచూసుకుంటూ పదిసార్లు నడిపితే ఆ రోజు కోటా చెల్లు. 500 దగ్గర ఆగడం మీ ప్రోగ్రామ్ తప్పు కాదు. ఛానెల్ ఐడీ ఇచ్చి వీడియోలు వెతికితే సెర్చ్ అంతకు మించి ఇవ్వదు.

సరైన దారిలో మూడు మెట్లున్నాయి. ముందు ఛానెల్స్ లిస్ట్‌ను పిలవండి. పార్ట్ దగ్గర కంటెంట్ డీటెయిల్స్ అని, ఫర్ హ్యాండిల్ దగ్గర మీ ఛానెల్ హ్యాండిల్ ఇవ్వండి. జవాబులో రిలేటెడ్ ప్లేలిస్ట్స్ కింద అప్‌లోడ్స్ అనే ప్లేలిస్ట్ ఐడీ ఉంటుంది. మీరు పెట్టిన వీడియోలన్నీ అందులో ఉంటాయి. తర్వాత ప్లేలిస్ట్ ఐటమ్స్ లిస్ట్‌కు ఆ ఐడీ ఇచ్చి, మ్యాక్స్ రిజల్ట్స్ 50 పెట్టి, నెక్స్ట్ పేజ్ టోకెన్ రావడం ఆగేదాకా లూప్ తిప్పండి. మ్యాక్స్ రిజల్ట్స్ మరిచిపోతే పేజీకి ఐదే వస్తాయి. ఇక వచ్చిన వీడియో ఐడీలను యాభయ్యేసి చొప్పున కామాలతో కలిపి వీడియోస్ లిస్ట్‌కు ఇవ్వండి. అక్కడ పార్ట్‌లో స్నిపెట్, స్టాటిస్టిక్స్, కంటెంట్ డీటెయిల్స్ మూడూ అడగండి.

ఈ మూడింటిలో ప్రతి పిలుపుకూ ఒక్క యూనిట్టే. మీ 640 వీడియోలకు 1, 13, 13, వెరసి 27 యూనిట్లు. రోజంతా నడుపుకున్నా కోటాకు ఢోకా లేదు. ఏపీఐ కీతో అడిగితే పబ్లిక్‌గా ఉన్న వీడియోలే వస్తాయి కాబట్టి, స్టూడియోలో కనిపించే సంఖ్య కన్నా కాస్త తగ్గితే కంగారు పడకండి. కోటా మళ్లీ నిండేది అమెరికా పసిఫిక్ కాలమానంలో అర్ధరాత్రికి. మనకు అది వేసవిలో మధ్యాహ్నం 12:30, చలికాలంలో 1:30. కీ తీసుకున్న వెంటనే గూగుల్ క్లౌడ్ కన్సోల్‌లో అది యూట్యూబ్ డేటా ఏపీఐకి మాత్రమే పనిచేసేలా కట్టడి చేయండి. దాన్ని నోట్‌బుక్‌లో రాసి ఎవరికైనా పంపితే మీ కోటాను వాళ్లు వాడేస్తారు.

ప్ర: డేటా వచ్చింది. వ్యూస్ మొత్తం కూడమంటే పాతిక అంకెల సంఖ్య వస్తోంది. కొన్ని వీడియోల దగ్గర లైక్ కౌంట్ లేదని కీ ఎర్రర్. అర్ధరాత్రి దాటాక పెట్టిన వీడియో ముందురోజు తేదీతో కనిపిస్తోంది. (కరీంనగర్)

జ: మూడూ మామూలు విషయాలే. ఏపీఐ అంకెలను స్ట్రింగ్‌లుగా పంపుతుంది. వాటిని కూడితే పాండాస్ పక్కపక్కన అతికిస్తుంది. వచ్చిన వెంటనే టు న్యూమరిక్‌తో మార్చేయండి. లైకుల సంఖ్య దాచినా, కామెంట్లు ఆపేసినా ఆ గడి జవాబులో ఉండదు. అందుకని గెట్‌తో తీసుకుని, లేకపోతే ఖాళీగా వదలండి. అక్కడ సున్నా మాత్రం పెట్టకండి, సగటు అన్యాయంగా పడిపోతుంది.

తేదీ యూటీసీలో, అంటే మనకన్నా ఐదున్నర గంటలు వెనక ఉండే అంతర్జాతీయ కాలమానంలో వస్తుంది. టు డేట్ టైమ్‌తో చదివాక టీజెడ్ కన్వర్ట్‌తో ఆసియా కోల్‌కతాకు మార్చండి. ఇది చేయకుండా వారంలో ఏ రోజు బాగుంటుంది, ఏ గంట బాగుంటుంది అని గీసిన గ్రాఫ్‌లన్నీ ఐదున్నర గంటలు పక్కకు జరిగి ఉంటాయి. వీడియో నిడివి కూడా పీటీ4ఎం13ఎస్ లాంటి రూపంలో వస్తుంది. ఐసోడేట్ అనే చిన్న లైబ్రరీ దాన్ని సెకన్లలోకి మారుస్తుంది, మీరు విడగొట్టే పని పెట్టుకోవద్దు.

ప్ర: ఏ రకం వంటకాలకు ఆదరణ ఎక్కువో తెలుసుకోవాలి. మొత్తం వ్యూస్ చూస్తే పాత వీడియోలే ముందుంటున్నాయి. వ్యూస్‌ను రోజులతో భాగిస్తే నిన్న పెట్టినవి ముందుకొస్తున్నాయి. దేన్ని నమ్మాలి? (గుంటూరు)

జ: రెండింటినీ నమ్మొద్దు. వీడియోకు వ్యూస్ రోజూ ఒకే తీరున రావు. చాలా ఛానెళ్లలో మొదటి కొద్ది రోజుల్లో ఎగిసి తర్వాత సన్నగిల్లుతాయి. కాబట్టి రోజులతో భాగిస్తే పాత వీడియోకు నష్టం, భాగించకపోతే కొత్త వీడియోకు నష్టం. అన్ని వీడియోలనూ ఒకే వయసులో పోల్చాలి. విడుదలైన మొదటి 7 రోజుల్లో దేనికెన్ని వచ్చాయన్నదే అడగాల్సిన ప్రశ్న.

డేటా ఏపీఐ దీనికి పనికిరాదు, అది ఈ క్షణం వరకు ఉన్న మొత్తమే చెబుతుంది. మీ సొంత ఛానెల్‌కు యూట్యూబ్ అనలిటిక్స్ ఏపీఐ ఉంది. ఏ వీడియోకు ఏ రోజు ఎన్ని వ్యూస్ వచ్చాయో అది వెనక్కి వెళ్లి చెబుతుంది. దీనికి ఏపీఐ కీ చాలదు, ఓఆత్ (మీ గూగుల్ ఖాతాతో లాగిన్ అయి ప్రోగ్రామ్‌కు అనుమతి ఇచ్చే పద్ధతి) కావాలి. కన్సోల్‌లో అనలిటిక్స్ ఏపీఐని ఆన్ చేసి, డెస్క్‌టాప్ యాప్ రకం క్లయింట్ ఐడీ తీసుకుని, అనలిటిక్స్ రీడ్ ఓన్లీ స్కోప్‌తో లాగిన్ అవ్వాలి. లాగిన్ తెరలో మీ ఛానెల్ పేరునే ఎంచుకోండి. ఛానెల్ బ్రాండ్ అకౌంట్‌లో ఉండి మీరు సొంత జీమెయిల్ పేరును నొక్కితే ఏ ఎర్రరూ రాదు, పట్టిక మాత్రం ఖాళీగా వస్తుంది. గంటల తరబడి వెతికినా కారణం దొరకని చోటు ఇదే.

అడిగే తీరు ఇది: ఐడీస్ దగ్గర ఛానెల్ ఈక్వల్స్ మైన్, డైమెన్షన్ డే, ఫిల్టర్‌లో ఒక వీడియో ఐడీ, మెట్రిక్స్‌లో వ్యూస్, ఎస్టిమేటెడ్ మినిట్స్ వాచ్డ్. వీడియోకో పిలుపు చొప్పున లూప్ తిప్పండి.

తేదీల దగ్గరే అసలు చిక్కు. అనలిటిక్స్‌లో రోజంటే పసిఫిక్ కాలమానం ప్రకారం రోజు. మీరు జూన్ 10 ఉదయం 11 గంటలకు వీడియో పెడితే అక్కడ ఇంకా జూన్ 9 రాత్రి 10:30. అంటే ఆ వీడియో మొదటి రోజు గంటన్నరే. అదే సాయంత్రం 6కి పెడితే అక్కడ జూన్ 10 తెల్లవారుజామున 5:30, మొదటి రోజు పద్దెనిమిదిన్నర గంటలు. ఇండియా తేదీనే స్టార్ట్ డేట్‌గా ఇస్తే ఉదయం వీడియో మొదటి గంటన్నర వ్యూస్ అసలు లెక్కలోకే రావు. కాబట్టి విడుదల సమయాన్ని అమెరికా లాస్ ఏంజెలెస్ టైమ్‌జోన్‌లోకి మార్చి ఆ తేదీ ఇవ్వండి. ఆ తేదీ, దాని తర్వాత నిండు 7 రోజులు కలిపి తీసుకోండి. తేడా పూర్తిగా పోదు గానీ, పోలిక చెడేంత ఉండదు. ఈ లెక్కలు తేలడానికి రెండు మూడు రోజులు పడుతుంది కనుక ఆ 8 రోజులు ముగిసి ఇంకో మూడు రోజులు గడవని వీడియోలను పక్కన పెట్టండి.

ఇక రకాల వారీ పోలిక. టైటిళ్లను బట్టి పచ్చళ్లు, పిండివంటలు, మాంసాహారం అని మీరే ఒక కాలమ్ నింపి గ్రూప్ బై చేయండి. 640 వీడియోలకు చేత్తో నింపడానికి ఒక పూట పడుతుంది. టైటిల్లో మాటల్ని బట్టి ప్రోగ్రామ్‌తో విడగొట్టడం కన్నా అదే నమ్మకం. తర్వాత సగటు బదులు మధ్యగతం, అదే మీడియన్, తీయండి. ఒక రకంలో ఐదు వీడియోలకు 2,100, 1,800, 2,400, 1,950, 96,000 వచ్చాయనుకోండి. సగటు 20,850. కానీ ఆ ఐదింటిలో ఒక్కదానికీ దాని దరిదాపుల్లో రాలేదు. మధ్యగతం 2,100, తర్వాత పెట్టే వీడియోకు మీరు ఎదురుచూడదగ్గది ఆ అంకె. గ్రూపులో ఎన్ని వీడియోలున్నాయో పక్కనే కౌంట్ కాలమ్ కూడా ఉంచండి. మూడు వీడియోలున్న రకం గురించి ఏ నిర్ణయమూ తీసుకోవద్దు.

ప్ర: మా కోచింగ్ సెంటర్ ఛానెల్‌ను మరో 20 ఛానెళ్లతో పోల్చాలి. వాళ్ల రోజువారీ వ్యూస్ తెలిసే మార్గం ఉందా? సబ్‌స్క్రైబర్లు వారాల తరబడి ఒకే అంకె దగ్గర ఆగి ఉంటున్నారు. (హైదరాబాద్)

జ: ఇతరుల ఛానెళ్లకు అనలిటిక్స్ ఏపీఐ తలుపు తెరవదు. మీరే వేళకు ఫోటో తీసినట్టు నమోదు చేసుకోవాలి. ఆరు గంటలకోసారి ప్రతి ఛానెల్ అప్‌లోడ్స్ మొదటి పేజీ, అందులోని 50 వీడియోల అంకెలు తీసి, తీసిన సమయంతో సహా ఎస్‌క్యూలైట్ (ఒకే ఫైల్‌లో ఉండే చిన్న డేటాబేస్) పట్టికలో ఒక వరుసగా చేర్చండి. పాత వరుస మీద కొత్తది రాయకండి. ఛానెల్స్ లిస్ట్ ఒక్క పిలుపులో 20 ఐడీలనూ తీసుకుంటుంది. మొత్తం విడతకు 41 యూనిట్లు, రోజుకు 164. విండోస్‌లో టాస్క్ షెడ్యూలర్, లైనక్స్‌లో క్రాన్ ఈ పని చేస్తాయి.

అయితే యూట్యూబ్ డెవలపర్ నిబంధనల ప్రకారం యజమాని అనుమతి లేకుండా తీసిన డేటాను 30 రోజులకు మించి దాచుకోకూడదు. గడువు దాటిన వరుసలను తొలగించే ఆదేశం ప్రోగ్రామ్‌లోనే ఉండాలి. మొదటి 7 రోజుల పోలికకు 30 రోజులు ధారాళంగా సరిపోతాయి.

సబ్‌స్క్రైబర్ల అంకె ఆగిపోలేదు. 1,000 దాటిన ఛానెళ్లకు యూట్యూబ్ మొదటి మూడు అంకెలే ఇస్తుంది. 1,23,456 ఉంటే 1,23,000 అని చెబుతుంది. కాబట్టి ఇతరుల ఛానెళ్లలో సబ్‌స్క్రైబర్ల రోజువారీ పెరుగుదల గ్రాఫ్ గీయడం వృథా, అది మెట్లమెట్లుగానే వస్తుంది. వ్యూస్ ఒక్కోసారి ముందటి కన్నా తగ్గి కనిపించవచ్చు. చెల్లని వ్యూస్‌ను యూట్యూబ్ ఏరేసినప్పుడు అలా జరుగుతుంది. డిస్‌లైకుల కోసం వెతకకండి, 2021 డిసెంబర్ 13 నుంచి ఆ సంఖ్య ఛానెల్ యజమానికి తప్ప ఎవరికీ రాదు.

ప్ర: మా షార్ట్స్ వ్యూస్ 2025 ఏప్రిల్ నుంచి ఒక్కసారిగా పెరిగాయి. చూసిన నిమిషాలు మాత్రం అంతగా పెరగలేదు. నా ప్రోగ్రామ్‌లో తప్పుందా? 60 సెకన్లలోపు వీడియోలను షార్ట్స్‌గా తీసుకుంటున్నాను. (విజయవాడ)

జ: పెరుగుదల నిజంగా ప్రేక్షకులది కాదు, కొలత మారింది. 2025 మార్చి 31 నుంచి షార్ట్ ఆడటం మొదలైనా, తిరిగి మొదటికొచ్చి ఆడినా ఒక వ్యూగా లెక్కిస్తున్నారు. అంతకుముందు కాస్తయినా చూస్తేనే లెక్క. ఆ పాత కొలత ఇప్పుడు ఎంగేజ్డ్ వ్యూస్ అనే పేరుతో అనలిటిక్స్ ఏపీఐలో ఉంది. మార్చి 31కి అటూ ఇటూ పోల్చేటప్పుడు ఆ తేదీ తర్వాతి రోజులకు ఎంగేజ్డ్ వ్యూస్‌నే వాడండి. గ్రాఫ్‌లో ఆ తేదీ దగ్గర ఒక నిలువు గీత కూడా గీయండి. ఏడాది తర్వాత చూసేవారికి ఆ ఎత్తు ఎందుకొచ్చిందో తెలియాలి.

60 సెకన్ల నియమం మాత్రం మీ ప్రోగ్రామ్‌లో తప్పే. 2024 అక్టోబర్ 15 తర్వాత పెట్టిన నిలువు లేదా చతురస్రపు వీడియో 3 నిమిషాల వరకు షార్ట్‌గానే వెళ్తుంది. మీ సొంత ఛానెల్ అయితే నిడివి చూసి ఊహించే అవసరమే లేదు. అనలిటిక్స్ ఏపీఐలో క్రియేటర్ కంటెంట్ టైప్ అనే డైమెన్షన్ అడిగితే షార్ట్స్, లైవ్, మామూలు వీడియో విడివిడిగా వస్తాయి. షార్ట్స్‌ను, పెద్ద వీడియోలను ఒకే సగటులో కలిపితే ఆ అంకె రెంటికీ చెందదు.

ప్ర: 365 రోజుల నిమిషాలు కూడి 60తో భాగిస్తే 4,380 గంటలు వచ్చాయి. స్టూడియోలో మానిటైజేషన్ అర్హత చూపించే చోట 3,100 మాత్రమే ఉంది. (నెల్లూరు)

జ: స్టూడియో అంకెదే తుది మాట. 1,000 మంది సబ్‌స్క్రైబర్లతో పాటు అడిగే 4,000 గంటల్లో పబ్లిక్ వీడియోల గంటలే చేరతాయి. ప్రైవేట్, అన్‌లిస్టెడ్, తొలగించిన వీడియోలవి చేరవు. ప్రకటనగా నడిపి తెచ్చుకున్నవీ, షార్ట్స్ ఫీడ్‌లో చూసినవీ చేరవు. ఇన్‌సైట్ ట్రాఫిక్ సోర్స్ టైప్ డైమెన్షన్‌తో నిమిషాలు మళ్లీ తీసి, షార్ట్స్, అడ్వర్టైజింగ్ అనే వరుసలు తీసేయండి. తేడాలో పెద్ద భాగం అక్కడే దొరుకుతుంది. లైవ్ ముగిశాక దాని రికార్డింగ్‌ను ప్రైవేట్ చేసే అలవాటుంటే ఆ గంటలూ పోతాయి. పైగా ఈ లెక్క ఎప్పుడూ గడిచిన 12 నెలలది. రోజూ పాత రోజు ఒకటి జారిపోతుంది, కాబట్టి నిరుడు బాగా నడిచిన నెల జారే సమయంలో అంకె వెనక్కి పోతుంది.

ప్ర: వారానికోసారి ఇన్‌వాలిడ్ గ్రాంట్ అని ఎర్రర్ వచ్చి మళ్లీ లాగిన్ అడుగుతోంది. కొలాబ్‌లో (గూగుల్ ఆన్‌లైన్ పైథాన్ నోట్‌బుక్) అయితే లాగిన్ పేజీ తిరిగి రానే రావడం లేదు. (బెంగళూరు)

జ: మీ ఓఆత్ కన్సెంట్ స్క్రీన్ ఎక్స్‌టర్నల్ రకంలో, టెస్టింగ్ దశలో ఉంది. ఆ దశలో రిఫ్రెష్ టోకెన్ (మళ్లీ లాగిన్ అడగకుండా ప్రోగ్రామ్ దాచుకునే అనుమతి) 7 రోజులే బతుకుతుంది. పబ్లిషింగ్ స్టేటస్‌ను ప్రొడక్షన్‌కు మార్చి, పాత టోకెన్ ఫైల్ చెరిపేసి, ఒకసారి లాగిన్ అవ్వండి. ధ్రువీకరించని యాప్ అని హెచ్చరిక వస్తుంది. అది మీ సొంత యాప్, మీ సొంత ఛానెల్ కనుక ముందుకు వెళ్లవచ్చు.

కొలాబ్ ప్రోగ్రామ్ నడిచేది గూగుల్ యంత్రంలో. లాగిన్ అయ్యాక బ్రౌజర్ వెతికేది మీ కంప్యూటర్‌లోని లోకల్‌హోస్ట్‌ను. రెండూ కలవవు. లాగిన్ మీ కంప్యూటర్‌లోనే చేయండి. సర్వీస్ అకౌంట్‌తో (మనిషికి కాక ప్రోగ్రామ్‌కు ఇచ్చే ఖాతా) దాటేద్దామనుకోకండి, మామూలు ఛానెళ్లకు అది పనిచేయదు.

ప్ర: థంబ్‌నెయిల్ ఇంప్రెషన్లు, క్లిక్ శాతం కోసం స్టూడియో నుంచి సీఎస్‌వీ దించుకుంటున్నాను. పాండాస్‌లో మొత్తం రెట్టింపు వస్తోంది, క్లిక్ శాతం సగటు కూడా స్టూడియోతో కలవడం లేదు. (వరంగల్)

జ: అడ్వాన్స్‌డ్ మోడ్ నుంచి దించిన జిప్‌లో టేబుల్ డేటా అనే ఫైల్ మొదటి వరుసలో మొత్తాలుంటాయి. దాన్ని తీసేయకపోతే ప్రతిదీ రెండుసార్లు కూడబడుతుంది. పట్టికలో 500 వరుసలకు మించి రావు, పెద్ద ఛానెల్ అయితే తేదీలను ముక్కలు చేసి దించుకోండి.

శాతాలకు సగటు తీయడమే రెండో తప్పు. ఒక వీడియోకు 200 ఇంప్రెషన్ల మీద 10 శాతం, ఇంకోదానికి 50,000 మీద 4 శాతం అనుకుందాం. సగటు 7 అనిపిస్తుంది. నిజానికి వచ్చిన క్లిక్కులు 20, 2,000. 50,200 ఇంప్రెషన్లకు 2,020 క్లిక్కులంటే 4.02 శాతమే. సగటున చూసిన సమయం విషయంలోనూ అంతే: నిమిషాల మొత్తాన్ని వ్యూస్ మొత్తంతో భాగించాలి.

ప్ర: తెలుగు టైటిళ్లు ఎక్సెల్‌లో పిచ్చి గుర్తులుగా, మాట్‌ప్లాట్‌లిబ్ గ్రాఫ్‌లో డబ్బాలుగా వస్తున్నాయి. (అనంతపురం)

జ: సీఎస్‌వీ రాసేటప్పుడు ఎన్‌కోడింగ్ దగ్గర యూటీఎఫ్-8-సిగ్ ఇవ్వండి, ఎక్సెల్ సరిగ్గా తెరుస్తుంది. గ్రాఫ్‌లో డబ్బాలు పోవాలంటే నోటో శాన్స్ తెలుగు లాంటి ఫాంట్ పెట్టాలి. కానీ మాట్‌ప్లాట్‌లిబ్ చాలా వెర్షన్లలో అక్షరాలను విడివిడిగా వేస్తుంది కాబట్టి వత్తులు, గుణింతాలు చెదిరిపోతాయి. ప్లాట్లీ వాడండి. అది బ్రౌజర్‌లో గీస్తుంది కనుక తెలుగు చక్కగా పడుతుంది.

టైటిళ్లలో మాట వెతికేటప్పుడు ఇంకో ఇబ్బంది ఉంది. ‘ఫోన్‌లో’ అన్న మాటలో పొల్లు తర్వాత కంటికి కనిపించని ఒక నాన్-జాయినర్ గుర్తు కొందరు టైప్ చేస్తారు, కొందరు చేయరు. దాని యూనికోడ్ సంఖ్య 200సీ. వెతికే ముందు రెండు వైపులా దాన్ని తీసేయకపోతే సగం టైటిళ్లు దొరకవు.

ప్ర: ప్రేక్షకులు వీడియోలో ఎక్కడ వెళ్లిపోతున్నారో ఏపీఐతో తెలుసుకోవచ్చా? (డాలస్)

జ: తెలుసుకోవచ్చు. డైమెన్షన్‌గా ఎలాప్స్‌డ్ వీడియో టైమ్ రేషియో, మెట్రిక్స్‌గా ఆడియన్స్ వాచ్ రేషియో, రిలేటివ్ రిటెన్షన్ పెర్ఫార్మెన్స్ అడగండి. ఫిల్టర్‌లో ఒకసారికి ఒకే వీడియో ఇవ్వాలి. 0.01 నుంచి 1 వరకు 100 బిందువులు వస్తాయి. వ్యూస్ మరీ తక్కువైతే పట్టిక ఖాళీగా రావచ్చు.

బిందువులను సెకన్లలోకి మార్చాకే పోల్చండి. 12 నిమిషాల వీడియోలో ఒక్కో బిందువు 7.2 సెకన్లు, కాబట్టి మొదటి అరనిమిషం నాలుగో బిందువు దగ్గర ఉంటుంది. 5 నిమిషాల వీడియోలో అది పదో బిందువు. వాచ్ రేషియో 1 దాటితే తప్పు కాదు, ఆ ముక్కను వెనక్కి తిప్పి చూశారన్నమాట. వంట వీడియోల్లో కొలతలు చెప్పే చోట ఇలాంటి ఎత్తు కనిపిస్తే, ఆ కొలతలను తెర మీద రాసి ఇంకాస్త సేపు ఉంచండి. రిలేటివ్ రిటెన్షన్ 0.5 అంటే అదే నిడివిగల ఇతర వీడియోల్లో సరిగ్గా మధ్యలో ఉన్నట్టు. మొదటి అరనిమిషంలో అది 0.5 కన్నా కింద ఉండి తర్వాత పైకి లేస్తే వంటలో లోపం లేదు, మొదలుపెట్టిన తీరులో ఉంది. అలాంటి వీడియోలను విడిగా జాబితా తీసి, వాటి మొదటి 30 సెకన్లను వరసగా చూడండి.